గట్టు మీద తువ్వాలు

దెయ్యాలను నేను నమ్మను. నమ్మేవాళ్ళకు చెప్పడానికి మాత్రం నా దగ్గర ఎప్పుడూ రెండు మూడు సిద్ధంగా ఉంటాయి. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశాను. శృంగవరపుకోట నుంచి విజయనగరం దాకా నిలబడి వచ్చే జనం కాళ్ళ నొప్పి మరిచిపోవాలంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. చెప్పేవాణ్ణి. అందులో రూపాయికి పావలా వంతు నిజం ఉండేది.

ఇది నిరుడు వేసవిలో జరిగింది. మా ఊళ్ళో దీన్ని వినని మనిషి లేడు. మొదటిసారి టీకొట్టు దగ్గర చెప్పినప్పుడు తాటిచెట్టంత మనిషి కనిపించాడన్నాను. రెండోసారికి అతనికి పాదాలు లేవు. కార్తీకమాసం వనభోజనాల నాటికి నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఇవేవీ జరగలేదు. జరిగింది ఇప్పుడు రాస్తాను. ఎందుకు రాస్తున్నానో చివర్లో మీకే తెలుస్తుంది.

మాది విజయనగరం జిల్లా సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. పేరు రాయను. ఊరికి ఉత్తరాన ఎర్రమట్టి గట్టు ఉంది. దాని అంచునే మూడు కిలోమీటర్ల కాలిబాట. ఎడమ పక్క జీడితోటలు, కుడి పక్క నిట్టనిలువుగా కిందకి సన్నటి ఇసుక, సముద్రం. బాట చివర పెద్ద నల్లరాయి. దాన్ని చూపురాయి అంటాం.

ఆ పేరు ఊరికే రాలేదు. నా చిన్నప్పుడు పెద్దవల వేసే రోజుల్లో ఒక మనిషి ఆ రాయి మీద నిలబడేవాడు. పడవలో ఉన్నవాళ్ళకు నీళ్ళు తప్ప ఏమీ కనబడవు. పైనున్నవాడికి చేపల గుంపు నల్లటి మచ్చలా కనబడుతుంది. అతను తువ్వాలు ఊపి పడవను నడిపేవాడు. తల మీదుగా తిప్పితే వల వదలమని. చెయ్యి కిందకి దించి పక్కకు విదిలిస్తే, ముందు రాయి ఉంది, వెనక్కి పొమ్మని. పడవలో వాళ్ళు తెడ్డు నిలబెట్టి చూపించాలి. అదే జవాబు. జవాబు వచ్చేదాకా పైవాడు తువ్వాలు ఆపకూడదు. పన్నెండేళ్ళప్పటి నుంచి మా నాన్న పడవలో ఆ తెడ్డు ఎత్తే పని నాదే.

ఇప్పుడు ఫోన్లలో చూసుకుని వేటకెళ్తున్నారు. చూపురాయి మీదకు ఎవరూ ఎక్కరు. ఆ బాట మాత్రం పట్నం వాళ్ళకు నచ్చింది. నడవడానికి వస్తుంటారు. వాళ్ళకు దారి చూపించడం రిటైరయ్యాక నా కాలక్షేపం.

ఈస్టర్ వెళ్ళిన మర్నాడు బొబ్బిలి నుంచి చర్చివాళ్ళు పదకొండు మంది వచ్చారు. వాళ్ళ పెద్ద కరుణమ్మ, రిటైరైన నర్సు. బయల్దేరే ముందు ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"బాబాయ్, మాలో మోకాళ్ళ నొప్పులవాళ్ళున్నారు. దారి గట్టిదేనా? ఈ మధ్య నడిచావా?"

"వారం కిందటేనమ్మా. సిమెంటు రోడ్డు లాగుంది" అన్నాను.

అబద్ధం. నావీ మోకాళ్ళే. చూపురాయి దాకా నడిచి రెండేళ్ళు దాటింది. వచ్చినవాళ్ళను సగం దారి నుంచే వెనక్కి తిప్పేవాణ్ణి. ఈ మధ్యలో ఒక తుపాను కూడా వచ్చి వెళ్ళింది.

ఉదయం ఏడు దాటింది. ఎండ బాగా వచ్చింది, పొగమంచు లేదు. వేట నిషేధం రోజులు కాబట్టి సముద్రం మీద ఒక్క పడవ లేదు. అన్నీ ఇసుక మీదే ఉన్నాయి. ముందు నేను, నా వెనక కరుణమ్మ. మిగతావాళ్ళు ఫోటోలు తీసుకుంటూ జీడితోట మలుపులో వెనకబడ్డారు.

చూపురాయి ఇంకా రెండొందల గజాలుందనగా దాని మీద మనిషి కనిపించాడు. మామూలు ఎత్తు. నడుము కింద గడ్డి అడ్డం, కాబట్టి పాదాల సంగతి నాకు తెలియదు. తెల్ల తువ్వాలు కిందకి దించి పక్కకు విదిలిస్తున్నాడు.

నేను ఆగలేదు. ఇది ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఎవడో ఆకతాయి అనుకుని ఇంకో పది అడుగులు వేశాను. తువ్వాలు జోరు పెరిగింది. అప్పుడు నా చేతికర్ర, నేను ఎత్తాలనుకోకుండానే, నిటారుగా పైకి లేచింది. అరవై ఏళ్ళ కిందటి అలవాటు.

తువ్వాలు ఆగింది. ఆ మనిషి దాన్ని భుజం మీద వేసుకున్నాడు.

"మోకాలు పట్టేసిందమ్మా. కింద ఇసుకలో పోదాం" అని వెనక్కి తిరిగి చెప్పాను. మళ్ళీ చూసేసరికి రాయి మీద ఎవరూ లేరు. అక్కణ్ణించి దిగాలంటే మేమున్న బాటే దారి. మిగతా మూడు వైపులా సముద్రం. వెనకవాళ్ళు వచ్చేదాకా పది నిమిషాలు అక్కడే ఉన్నాం. ఎవరూ రాలేదు. గడ్డిలో పడుకున్నాడేమో అనొచ్చు. నేనూ అనుకున్నాను.

వెనక్కి వచ్చి వాగు దారిలో ఇసుకలోకి దిగి, గట్టు కిందుగా నడిచాం. పైన మేం ఆగిన చోటు దాటాక కరుణమ్మ తల పైకెత్తి ఆగిపోయింది. నేనూ చూశాను. పైన బాట ఉంది, బాట మీద గడ్డి ఉంది. కింద నేల లేదు. నేను కర్ర ఎత్తిన చోటికి ఇరవై అడుగుల అవతల, మట్టంతా జారిపోయి, గడ్డివేర్లు పట్టుకున్న పలచని అట్ట గాలిలో వేలాడుతోంది. పదకొండు మంది దాని మీదకు ఎక్కేవాళ్ళు.

"వారం కిందట నడిచానన్నావు?"

"రాత్రే జారుంటాదమ్మా."

ఆవిడ ఆ వేర్లను చూసింది. ఎండి, నల్లబడి, సాలెగూళ్ళు పట్టి ఉన్నాయి. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు విప్పేముందు అందరి చేతా కళ్ళు మూయించి ప్రార్థన చేసింది. "ప్రభువా, అబద్ధాలాడే ముసలోళ్ళ చేత కూడా మమ్మల్ని కాపాడించినందుకు స్తోత్రం" అంది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

వెళ్ళేటప్పుడు నన్ను పక్కకు పిలిచింది. "బాబాయ్, ఆ రాయి మీదాయన ఎడంచేత్తో ఎందుకు ఊపాడు? కుడిచెయ్యి కదపనే లేదు. పక్షవాతం మనిషిలాగున్నాడు."

ఆవిడా చూసిందని నాకు అప్పుడే తెలిసింది. ఎడమ మాటా నిజమే. తువ్వాలు సముద్రం వైపు ఊగింది. మాకు ఎదురుగా నిలబడ్డవాడికి సముద్రం ఎడమ పక్కే.

"దెయ్యమేమో" అన్నాను, అలవాటు కొద్దీ.

"దెయ్యాల్లేవు, ఏటీ లేవు. మనిషే. వెతికి దండం పెట్టు" అంది.

వెతికాను. మేకలవాళ్ళను, జీడితోట కాపలావాళ్ళను అడిగాను. ఆ పొద్దున గట్టు మీదకు ఎవరూ వెళ్ళలేదు. నేను కాక ఆ సైగ తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే మిగిలాడు. ఆఖరున చూపురాయి మీద నిలబడ్డ అప్పన్న మావ. నాలుగేళ్ళుగా మంచం మీద ఉన్నాడు. కుడి పక్కంతా పడిపోయింది.

ఆ సాయంత్రమే వెళ్ళాను. "ఏటి మావా, పొద్దున్న గట్టెక్కావేటి?" అని వేళాకోళంగా అన్నాను.

"ఎక్కగలిగితే మళ్ళీ ఈ నులకమంచం మీదకి ఎందుకొస్తాన్రా ఎర్రోడా" అన్నాడు, ముద్దమాటగా.

జరిగింది చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు. "జవాబిచ్చావా?"

"కర్ర ఎత్తాను మావా."

"అయితే సరే" అని గోడవైపు తల తిప్పుకున్నాడు.

వాకిట్లో కోడల్ని అడిగాను, పొద్దున్న మావ ఏం చేశాడని. "ఏటి సేస్తాడు సిన్నాన్నా, రోజూలాగే. ఎడం సేత్తో తువ్వాలట్టుకుని ఊపుతానే ఉంటాడు. ఈగలకి" అంది. ఎప్పుడు ఆపాడని అడిగితే, "గెడియారం సూత్తానేటి? గంజి కాసుకోవద్దా?" అని కసిరింది.

చచ్చినవాడైతే దెయ్యమని సరిపెట్టుకునేవాణ్ణి. అప్పన్న మావ ఇప్పటికీ రెండు పూటలా గంజి తాగుతున్నాడు. బతికున్నవాడి దెయ్యాన్ని గురించి, ఇన్ని అబద్ధాలు చెప్పిన నేను కూడా ఎక్కడా వినలేదు.

ఇక ఎందుకు రాస్తున్నానంటే, నేను పెంచిన దెయ్యం ఊరు దాటింది. మొన్న ఇద్దరు కుర్రాళ్ళు వీడియో తీస్తామని విజయనగరం నుంచి బండి మీద వచ్చారు. అడ్డంగా కట్టిన ముళ్ళకంప తీసి గట్టెక్కుతున్నారు. పాదాల్లేని మనిషి లేడు బాబూ, అది నేను కల్పించింది, అక్కడ నేల లేదు, అని మొత్తుకున్నాను. జీవితంలో మొదటిసారి ఒక కథను తగ్గించి చెప్పాను. "తాత దాస్తన్నాడ్రా" అన్నారు. చివరికి బాటకు అడ్డంగా పడుకున్నాను. నన్ను దాటడానికి మొహమాటపడి, తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. రోజూ పడుకోలేను కదా.

అందుకే రాస్తున్నాను. అక్కడ దెయ్యం ఉందో లేదో నాకు తెలియదు. నేల లేదు. అది తెలుసు. ఆ తువ్వాలు ఎవరిదో, గట్టు కింద డొల్ల అని అతనికి ఎలా తెలిసిందో, ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు.

ఇప్పుడు నేను కింద ఇసుకలోనే నడుస్తాను. చూపురాయి కనబడగానే ఆగి కర్ర నిలువుగా పైకెత్తి, కాసేపు అలాగే ఉంచుతాను. ఎవరైనా అడిగితే భుజం నొప్పికి డాక్టరు చెప్పిన వ్యాయామం అంటాను.

అది అబద్ధం.