రాజారత్నం గారి బరువు పరీక్ష

రాజారత్నం గారు దేన్నీ ఆపి బాగుచెయ్యరు. నడుస్తుండగానే బాగుచేస్తారు.

“ఆపితే రోగం దాక్కుంటుందయ్యా!” అనేవారు లాంచీ నడిపే సరంగు నరసయ్యతో.

ఆడుతున్న కుట్టుమిషనుకు నూనె పోయబోయి, తన చొక్కా చేతిని భార్య అన్నమ్మ రవికెకు కలిపి కుట్టించుకున్నారు. పెడన రోడ్డు మీద సైకిలు తొక్కుతూనే చైను సవరించబోయి కాలవలో పడ్డారు. మొలలోతు నీళ్ళలోంచి లేచి, “చూశారా, ఇప్పుడు చప్పుడు లేదు!” అన్నారు. చర్చిలో కీర్తన సగంలో ఉండగా హార్మోనియం తిత్తికి అతుకు వేశారు. మిగతా సగం అందరూ ఒకే స్వరం మీద పాడుకున్నారు.

అలాంటి మెకానిక్కు చేతికి అరవై రెండులో గిలకలదిండి రేవులోని సర్కారు లాంచీ వచ్చింది. దానికి లోతు చెప్పే యంత్రం బిగించారు. లాంచీ అడుగున ఉన్న బిళ్ళ నీళ్ళలోకి శబ్దం పంపుతుంది. అది నేలకు తగిలి తిరిగొస్తే, పైనున్న యంత్రం కాగితం మీద గీత గీస్తుంది. మెల్లగా వెళ్తే గీత బాగానే పడేది. వేగం పెంచితే మాయం!

రాజారత్నం గారికి పండగే. “పరుగెత్తితేనే వచ్చే రోగం! పోనియ్యి నరసయ్యా, ఫుల్ స్పీడు!”

తీగలు బిగించారు, బ్యాటరీ మార్చారు. చివరికి పరుగెత్తే లాంచీ అంచు మీంచి తలకిందులుగా వేలాడారు. నరసయ్య ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో ఆయన కాలు పట్టుకుని పెద్దింట్లమ్మకు మొక్కుకున్నాడు.

“నురగయ్యా!” నీళ్ళు ఉమ్ముతూ లేచారాయన. “వేగానికి ముక్కు పైకి లేస్తోంది. బిళ్ళ కింద నురగ చేరి శబ్దాన్ని మింగేస్తోంది. ముందు భాగంలో బరువు పెట్టాలి.”

“ఇసుక బస్తాలు వేద్దామాండీ?”

“జరగమంటే బస్తా జరుగుతుందా? మనుషులు కావాలి!”

అప్పట్నుంచి మంగళవారం మంగళవారం దివిసీమలో ఎదురుమొండి లంక రేవు నుంచి బరువులు ఎక్కేవి. బందరు దాకా పరీక్ష.

“ఈ బరువులన్నీ దగ్గుతున్నాయేంటండీ?” అన్నాడు నరసయ్య ఒకసారి.

“దగ్గితే బరువు తగ్గుతుందా? చుక్కాని చూసుకో!”

ఒక మంగళవారం ఆఫీసరు ధనుంజయరావు గారు చెప్పకుండా లాంచీ ఎక్కారు. ఎదురుమొండిలో నొప్పులు పడుతున్న లక్ష్మమ్మను, ఆమె అత్త కోటేశ్వరమ్మను ఎక్కించుకోవడం చూసి మండిపడ్డారు.

“బయటివాళ్ళు ఎక్కకూడదని తెలీదా? ఇంతకీ రోగం నురగైతే, లాంచీని ఒడ్డుకు లాగి బిళ్ళను వెనక్కి జరపొచ్చు కదయ్యా! ఒక పూట పని!”

రాజారత్నం గారు వంగి, బాగానే ఉన్న తీగను మళ్ళీ బిగించసాగారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ ఒక పూట పని ఈయనకు మొదట్నుంచీ తెలుసని నరసయ్యకు అప్పుడు వెలిగింది.

ఇంతలో లక్ష్మమ్మ కెవ్వుమంది. సముద్రపు పోటు తీసి నీళ్ళు తగ్గుతున్నాయి, దారంతా ఇసుక దిబ్బలు. నరసయ్య వేగం పెంచాడు. గీత మాయమైంది.

“ముక్కు లేచిందండీ! లోతు తెలియకపోతే దిబ్బెక్కుతాం. ఆఫీసరు గారూ, మీరు కూడా ముందుకు జరగాలి!” అని అరిచాడు.

నిండైన మనిషి ధనుంజయరావు గారు వెళ్ళి కోటేశ్వరమ్మ పక్కన చతికిలబడ్డారు. ముక్కు దిగింది. గీత నల్లగా, దిట్టంగా పడింది. లాంచీ దిబ్బల మధ్య నుంచి దూసుకుపోయింది.

బందరు ఆసుపత్రి వరండాలో కోటేశ్వరమ్మ మనవణ్ణి తెచ్చి చూపించింది. ఆఫీసరు గారు వాణ్ణి ఎత్తుకుని కాసేపు ఆడించి, మెకానిక్కు వైపు తిరిగారు.

“ఆ బిళ్ళను ఇప్పట్లో కదపకండి రాజారత్నం గారూ. పరీక్ష ఇంకా పూర్తి కాలేదు.” తర్వాత కోటేశ్వరమ్మతో అన్నారు: “మీ ఊళ్ళో నాకంటే లావుపాటి రోగులెవరైనా ఉన్నారామ్మా?”