తొంభై రెండు మిల్లీమీటర్ల పెదనాన్న

మా పెదనాన్న తన సైజు వస్తువు ఏదీ కొన్న పాపాన పోలేదు. ఏదైనా ఒక సైజు పెద్దదే. చెప్పుల్లో ఆయన పాదాలు అద్దెకున్నట్టుండేవి. చొక్కా ఆయనకంటే రెండడుగులు వెనకాల నడిచేది. ఆయనకంటే జానెడు పొడవున్న పెద్దమ్మ, "నన్ను చేసుకుందీ అందుకే" అనేది.

అలాంటాయన కారు ఇంజిన్ పాడైంది. అది నీళ్లక్కర్లేకుండా గాలికే చల్లారే పాత రకం.

"నాలుగు సిలిండర్లూ అరిగాయి సార్," అన్నాడు మెకానిక్. "పిస్టన్లతో సహా కొత్త కిట్ వెయ్యాలి. పాతవి ఎనభై ఐదున్నర మిల్లీమీటర్లు. అవే తెప్పించనా?"

"పెద్దవి లేవా?"

నేను నవ్వాపుకోలేక బయటికెళ్లి, మళ్లీ వచ్చాను.

"ఎనభై ఎనిమిదివి ఉన్నాయి. ఉన్నచోటే దిగిపోతాయి. కానీ గోడలు పల్చన, వేడికి ఆగవు."

"ఇంకా పెద్దవి?"

"తొంభై రెండు. గోడలు మందమే. కానీ ఇంజిన్ మొత్తం విప్పి, అవి కూర్చునే రంధ్రాలన్నీ లేత్ మీద పెద్దవి చేయించాలి. నెల పడుతుంది."

"చేయించు."

"మీరు ముప్పై దాటి నడపరు కద సార్!"

"నా స్పీడు సంగతి నీకెందుకయ్యా?"

కిట్ వచ్చింది. పెదనాన్న ఒక పిస్టన్ని భోజనాల బల్ల మీద పెట్టుకుని మురిసిపోయాడు. "దానికీ వడ్డించమంటారా?" అంది పెద్దమ్మ.

నెల తర్వాత ఇంజిన్ బిగిస్తూ మెకానిక్ ఉండబట్టలేక అడిగాడు. "నిజం చెప్పండి సార్, ఎవరితో పందెం?"

పెదనాన్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పక్కింటి టైలరమ్మగారు ప్రతి ఆదివారం కొండమీద ఆశ్రమంలో ఉన్న వాళ్లక్కని చూడ్డానికి మాతో వస్తారు. మనిషి కాస్త భారీ. సగం దారిలో కారు ఆగిపోతుంది. 'నా బరువువల్లేనండీ' అని దిగి, ఆయాసపడుతూ నడుస్తారు. ఇంజిన్ ముసలిదైందమ్మా అంటే నమ్మరు. ఈమధ్య మోకాళ్ల నొప్పని రావడమే మానేశారు. అక్కడ ఆ అక్క గుమ్మంవైపే చూస్తూ కూర్చుంటోంది."

మెకానిక్ ప్రతి నట్టూ రెండోసారి బిగించాడు.

ఆ ఆదివారం టైలరమ్మగారిని బతిమాలి వెనకసీట్లో నా పక్కన కూర్చోబెట్టారు. పెద్దమ్మ ముందు సీట్లో ఎక్కింది. కొండదారి మొదలవగానే ఆవిడ తలుపు పిడి పట్టుకుని దిగడానికి సిద్ధమైపోయింది. మొదటి మలుపు దాటింది. రెండోది దాటింది. ఎప్పుడూ ఆగేచోట కారు ఆగలేదు. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం. కారు మాత్రం హాయిగా గుర్రుమంటూ ఎక్కేసింది.

ఆశ్రమం గేటు కనబడ్డాక ఆవిడ పిడి వదిలింది.

"అయితే నిజంగా ఇంజిన్‌దేనన్నమాట తప్పు!"

"మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాగా!" అన్నాడు పెదనాన్న చిరాగ్గా.

పెద్దమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, తొంభై రెండు సంగతి నోరుజారకుండా, నవ్వాపుకుంటూ చెంగు నోటికడ్డం పెట్టుకుంది.