ఎడమచేతిలో మంగలికత్తి

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోయే రకం. తణుకులో పాతికేళ్ళుగా లేత్ మిషన్ మీద పని చేస్తున్నాను. కొలతకు అందనిదాన్ని నమ్మే అలవాటు లేదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకున్న సరదా ఒక్కటే, పాత మంగలికత్తులు బాగుచేయడం. పిడిలోకి మడిచే పాతకాలపు కత్తులు. ఇప్పుడు సెలూన్లలో బ్లేడు మార్చుకునేవే వాడుతున్నారు. పోయినేడాది రాజమండ్రిలో పాత ఇనుము కొట్టులో ఒకటి దొరికింది. గేదె కొమ్ము పిడి, కత్తంతా తుప్పు. ఎవరిదో కొట్టాయనకూ తెలియదు.

కిరోసిన్‌లో నానబెట్టి, సన్నటి గరుకు కాగితంతో రుద్ది, సానరాయి మీద నూరేసరికి రెండు వారాలు పట్టింది. ఒక ఆదివారం పొద్దున్న వరండాలో కూర్చుని, చివరి పదును కోసం తోలుపట్టీ మీద అటూ ఇటూ తిప్పుతున్నాను. ఆ టప్ టప్ చప్పుడు వింటుంటే పెద్దాపురంలో మా పాత ఇంటి అరుగు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ప్రతి ఆదివారం వీర్రాజు అనే ఆయన వచ్చి నాన్నకి గడ్డం గీసేవాడు. సబ్బు నురగ వాసన, పటిక ముక్క, వాళ్ళిద్దరి కబుర్లు. వీర్రాజు పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

నాన్న మా దగ్గరే ఉండేవారు. మతిమరుపు జబ్బు. కొన్ని నెలలుగా నన్ను గుర్తుపట్టడం లేదు. ముఖం మీద చెయ్యి వెయ్యబోతే కొట్టేవారు. గడ్డం కింద చర్మం పుండ్లు పడుతోంది, గడ్డం తీసెయ్యాల్సిందేనని డాక్టరుగారు చెప్పినా మావల్ల కాలేదు.

ఆ చప్పుడుకి నాన్న తనంతట తానే గదిలోంచి వచ్చారు. స్టూలు వెలుతురులోకి లాక్కుని కూర్చుని, గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నారు.

"ఏంటి వీర్రాజూ, ఎండెక్కిపోతుంది. కానియ్యి."

ఇంకొకరికి గడ్డం గీసిన అనుభవం నాకు లేదు. భయపడుతూనే నురగ పట్టించాను. ఆ తర్వాత చెయ్యి దానంతటదే సాగిపోయింది. ఒక్క గాటు పడలేదు.

"మోకాలు నెప్పి తగ్గిందా?" అన్నారు నాన్న.

"ఆయ్, తగ్గిందండి అయ్యగారూ," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. నాన్నని నేనెప్పుడూ అలా పిలవలేదు.

కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడిపోయిన మా ఆవిడ మెల్లగా అంది: "మీరు ఎడం చేత్తో గీశారండి."

చూసుకున్నాను. కత్తి ఎడమచేతిలో ఉంది. నాది కుడిచేతి వాటం.

నాన్న చెంపలు తడుముకుని కళ్ళు తెరిచారు. నన్ను చూసి నవ్వారు. "బుజ్జీ, నువ్వెప్పుడొచ్చావురా? వీర్రాజుకి కాఫీ ఇప్పించు."

బుజ్జి నా ముద్దుపేరు. మా ఆవిడ ఇంకో గ్లాసు తెచ్చి నాన్న పక్కన పెట్టింది.

మధ్యాహ్నం అక్కకి ఫోన్ చేసి, వీర్రాజు ఏ చేత్తో గీసేవాడని అడిగాను.

"ఎడం చేత్తోనే కదరా! మోకాలు నెప్పితో మన అరుగెక్కడానికే అవస్థ పడేవాడు పాపం," అంది.

నాకు ఆ రెండూ గుర్తులేవు.

మరుసటి ఆదివారం మళ్ళీ ప్రయత్నించాను. ఎడమచేతిలో కత్తి నిలవనే లేదు. నాన్న నా చెయ్యి తోసేసి, "ఎవరయ్యా నువ్వు?" అన్నారు.

చిన్నప్పుడు చూసింది ఎక్కడో మనసులో ఉండిపోయిందేమోనని సర్దిచెప్పుకుంటాను. కానీ చూసినంత మాత్రాన చేతికి పని వస్తుందా? ముప్ఫై రకాల పనిముట్లు పట్టినవాణ్ణి, రాదని నాకు తెలుసు.

నాన్న ఈ వేసవిలో పోయారు. ఆయన నన్ను చివరిసారి పేరుపెట్టి పిలిచింది ఆ పొద్దున్నే. ఎవరు పిలిపించారో ఈరోజుకీ తెలియదు. ఎవరైనా సరే, దణ్ణం పెట్టుకుంటాను.