పది మాటల పరీక్ష

మతిమరుపు మీద పరిశోధన చేసేవాళ్ళకు ముందు ఓపిక కావాలి, తరవాత నిధులు కావాలి. నా దగ్గర మొదటిది కూడా పెద్దగా లేదు. అయినా మూడేళ్ళు ఆ పని చేశాను. వయసు మీదపడ్డవాళ్ళలో జ్ఞాపకశక్తి ఎలా తగ్గుతుందో చూసే ఒక అధ్యయనంలో నాది ఇల్లిల్లూ తిరిగే ఉద్యోగం. కాప్రాలో బస్సెక్కి లాలాగూడలో దిగడం, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కడం, ఇచ్చిన టీ తాగడం, ఏడాదికొకసారి అవే ప్రశ్నలు అడగడం. అడిగీ అడిగీ చివరికి ఇవాళ ఏ వారమని ఎవరైనా నన్నడిగితే నేనే తడుముకునేదాన్ని.

ప్రశ్నల్లో ముఖ్యమైనది పది మాటల పరీక్ష. చెంబు, గొడుగు, మేకు, పడవ... ఇలా పది మాటలు చదివి వినిపిస్తాం. కాసేపు వేరే కబుర్లు చెప్పి, గుర్తున్నవి చెప్పమంటాం. ఏటేటా ఈ మాటల్ని మార్చాలి. రెండో జాబితా ఉంది గానీ అది తెలుగులో లేదు. తెలుగు చేయించి సరిచూడడానికి అడిగిన నిధులు మంజూరు కాలేదు. "ఉన్నదాంతో లాగించండి" అన్నారు మా పెద్దసారు. లాగించాను.

నేను వెళ్ళే ఇళ్ళలో ఒకటి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయనది. ఆయన భార్య బడిలో టీచరుగా చేశారు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిలు వాక్యాలు కంఠతా పట్టించేవారు. వీధంతా ఆమెను టీచరమ్మ అంటుంది, నేనూ అంతే. మొదటి ఏడాది పెద్దాయనకు నాలుగు మాటలు గుర్తున్నాయి. రెండో ఏడాది నేను మూడు మాటలు చదివానో లేదో, మిగిలిన ఏడూ ఆయనే వరసగా అప్పజెప్పి, చివర "ఆమేన్" అని చేతులు కట్టుకుని కూర్చున్నారు.

నవ్వు రావలసింది. నాకు ఒళ్ళు మండింది. టీచరమ్మ ఏమీ దాచలేదు. చర్చిలో ఇచ్చిన పాత క్యాలెండరు తెచ్చి వెనక్కి తిప్పి చూపించారు. అంతకుముందు ఏడాది నేను చదువుతుంటే వంటింట్లోంచి విని పది మాటలూ దాని వెనక రాసుకున్నారట. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక, సండే స్కూలు పిల్లలకు నేర్పినట్టే, ఒక్కో మాటా ఆయన చేత పలికించారట.

"పోయినేడు నాలుగే చెప్పిన్రు గదా బిడ్డా. గిట్ల తక్కువొస్తే పేరు తీసేస్తరేమో అని పరేషాన్ అయిన."

పేరెవరూ తీసెయ్యరని చెప్పాను. మేం మందులేవీ ఇవ్వమని మొదటి రోజే చెప్పి ఉన్నాను. ఆమె విన్నారు గానీ మనసుకు ఎక్కించుకోలేదు. ఆయన కోసమని ఒక మనిషి పనిగట్టుకుని ఇంటికి వస్తోంది, ఏనాటికైనా మందంటూ దొరికితే ముందు తమ గుమ్మానికే వస్తుంది అని ఆమె నమ్మకం. దాని జోలికి నేను పోలేదు. నేర్పడం మాత్రం మానమన్నాను. కాస్త కసిరాను కూడా.

"మీరు నేర్పిస్తే జబ్బు సంగతి మాకెలా తెలుస్తుంది టీచరమ్మా? ఈ కాగితం దండగ."

"ఇగ నేర్పియ్యను తియ్యి" అన్నారు.

మూడో ఏడాది వెళ్ళేసరికి పెద్దాయన బాగా చిక్కిపోయారు. పది మాటలూ చదివాను, కాసేపాగి అడిగాను. ఆయన తన అరచేతుల్ని చాలాసేపు చూసుకుని "మేకు" అన్నారు. తరవాత భార్య వైపు చూశారు. ఆమె పెదవులు బిగించి కిటికీ వైపు తిరిగారు. అందించడం ఆమెకు క్షణం పని. అందించలేదు. కాగితం మీద ఒకటి అని వేసి, ఎంత త్వరగా బయటపడదామా అనుకుంటూ టీ తాగేశాను.

ఆ నెలలోనే నిధుల పొడిగింపు దరఖాస్తు పంపాం. పెద్దసారు దాన్ని నాచేత ఎన్నిసార్లు తిరగరాయించారో లెక్కలేదు. దీనివల్ల తక్షణ ప్రయోజనం ఏమిటని పైవాళ్ళు అడిగారు. ముసలితనం తక్షణం వచ్చేది కాదండీ అని రాయాలనిపించింది, రాయలేదు. చివరికి ఉత్తరం వచ్చింది. ప్రాధాన్యాలు మారాయట, పొడిగించలేరట. మూడో ఏటి కాగితాల కట్టలు అప్పటికింకా విప్పనే లేదు.

అందరికీ ఫోను చేసి చెప్పమన్నారు. ఆ ఒక్క ఇంటికి మాత్రం ఫోను చెయ్యడానికి మనసొప్పక వెళ్ళాను. పెద్దాయన మంచం మీద నిద్రపోతున్నారు. ఇక మేం రామని చెప్పాను. టీచరమ్మ టీ గ్లాసు నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నారు.

"ఒక్కటే చెప్పిన్రు. గందుకేనా బిడ్డా?"

"కాదు టీచరమ్మా. డబ్బు ఇచ్చేవాళ్ళు ఆపేశారు. మీ ఇల్లొక్కటే కాదు, అందరికీ ఆగిపోయింది."

తల ఊపారు. సాకులు చెప్పే పిల్లల్ని బడిలో ఎన్నేళ్ళో చూసిన మనిషి. లేచి బీరువా కింద నుంచి ఆ పాత క్యాలెండరు లాగి, కొంగుతో దుమ్ము తుడిచారు.

"మీ సారుకు జెర చెప్పు. ఇంకొక్కసారి పరీక్ష పెట్టమను. నువ్వు వద్దన్నవని ఊకున్న గానీ, నేర్పిస్తే ఇప్పటికి సుత చెప్తరు."

ఆయన మార్కులు తగ్గి ఆపలేదని ఆమె నమ్మాలంటే, ఆ మార్కుల్ని అసలు ఎవరూ చూడలేదని చెప్పాలి. "సారుకు చెబుతాను టీచరమ్మా" అన్నాను. ఆమె క్యాలెండరు ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన కూర్చుని, ఆయన్ని లేపడానికి భుజం మీద చెయ్యి వేశారు.