హాల్టు స్టేషన్‌లో మా మేనత్త

మొన్న ఆదివారం చర్చి నుంచి ఇంటికొస్తుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త వెళ్ళిపోయింది," అన్నాడు. పొద్దున్నే టీ తాగి, కుర్చీలోనే ఒరిగిపోయిందట.

గుడివాడ నుంచి విజయవాడ వెళ్ళే దారిలో, మా ఊరి పొలాల మధ్య ఒకప్పుడు రైల్వే హాల్టు ఉండేదంటే మీలో చాలామంది నమ్మరు. రేకుల షెడ్డు, మట్టి ప్లాట్‌ఫారం, రెండు సిమెంటు బల్లలు. పాసింజరు ఒక్క నిమిషం ఆగేది. అక్కడ టికెట్లు అమ్మే ఏజెంటు మా మేనత్త. రైలొచ్చే గంట ముందే వెళ్ళి షెడ్డు ఊడ్చి, కుండలో మంచినీళ్ళు పోసి, ఇస్త్రీ చీరలో కూర్చునేది. "స్టేషనన్నాక స్టేషన్‌లా ఉండాలి," అనేది.

నేనప్పుడు విజయవాడలో కాలేజీకి వెళ్ళేదాన్ని. ఏజెంటు మేనకోడల్ని కదా అని టికెట్ కొనేదాన్ని కాదు.

"రైలు ఎలాగూ నిన్ను మోస్తుందే. ఈ స్టేషన్‌ని మోసేది మాత్రం టికెట్లే," అనేది అత్త. నేను నవ్వేసి ఎక్కేసేదాన్ని.

ఒకరోజు మా వీధిలో పాలు పోసే ఆయన్ని అత్త టికెట్ తీసుకోమంది. ఆయన నావైపు చూపించి, "ముందు మీ అమ్మాయిని కొనమనండి. తర్వాత మేం కొంటాం," అన్నాడు. బల్లల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. అత్త మొహం ఎర్రబడింది.

మర్నాటి నుంచి కొన్నాను. కానీ అప్పటికే చాలామంది కొనడం మానేశారు. టికెట్లు అమ్ముడుపోవడం లేదని మూడేళ్ళకే హాల్టు ఎత్తేశారు.

ఆ తప్పు చాలా ఏళ్ళు మనసులో పెట్టుకు తిరిగాను. కిందటేడు కంటి ఆపరేషన్‌కి అత్తని రైల్లో విజయవాడ తీసుకెళ్తూ చెప్పేశాను.

"అత్తా, ఆ స్టేషన్ నావల్లే పోయింది."

"నీ ఒక్కదానివల్లేంటే! ఊరంతా కలిసి పోగొట్టుకున్నాం. మర్నాడు నువ్వొచ్చి లైన్లో నిలబడ్డావు చూడు, నాకది చాలు."

ఇంతలో ఆ చోటు వస్తోందని లేచి, నా చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికొచ్చింది. "ప్లాట్‌ఫారం మీద నల్లగా ఏదో ఉంది, ఏంటే?"

"మినుములత్తా. ఎండబోశారు."

"పోన్లే. ఎవరికో పనికొస్తోంది."

రైలు ఆగలేదు. మినుముల పక్కన ఒకామె గొడుగేసుకుని కాకుల్ని తోలుతోంది. అత్త ఆమెకి చెయ్యి ఊపింది. అత్త ఎవరో తెలియకపోయినా, ఆమె గొడుగు ఎడమ చేతిలోకి మార్చుకుని, మేం కనుమరుగయ్యేదాకా కుడి చెయ్యి ఊపుతూనే ఉంది.