నీడ దిక్కు కిటికీ

మా ఆయన గల్ఫ్‌కు పోవడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లు. సెలవు మీద ఎల్లారెడ్డికి వచ్చినప్పుడల్లా పిల్లల్ని ముందేసుకుని ఒకటే ముచ్చట, విమానం కిటికీలోంచి సముద్రం ఎట్లా కనిపిస్తుందో. ఓడలు బియ్యపు గింజలంత ఉంటాయట, మబ్బుల నీడలు నీళ్ల మీద పాకుతాయట. పోచారం చెరువు నిండి అలుగు పారిందంటేనే పని వదిలేసి చూడ్డానికి ఉరికే మనిషిని నేను. ఆ మాటలు విని విని ఆశ పెరిగిపోయింది. అందుకే మొన్న చలికాలం నన్ను నెల రోజులకు తీసుకుపోతానన్నప్పుడు ఒక్కటే అడిగాను.

"నాకు షాపింగులు వద్దు, బంగారం వద్దు. కిటికీ సీటు గావాలె. సముద్రం నా కండ్లతోని చూడాలె."

టికెట్లు కామారెడ్డిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో తీశాం. అది నడిపే ఆయన తెర మీద సీట్ల బొమ్మ చూపించి, ఏది కావాలో చెప్పమన్నాడు.

"పొద్దుగాల ఎండ ఏ దిక్కు వడ్తది?" అని అడిగాను.

"ఇది ఎల్లారెడ్డి బస్సు గాదక్కా" అని నవ్వాడు.

నాకు చిర్రెత్తింది. ముప్పై ఏళ్లుగా ఆ బస్సెక్కుతున్నాను. పొద్దున కామారెడ్డి పోయేటప్పుడు ఎడమ పక్క నీడ, కుడి పక్క కూర్చుంటే మొహం మాడిపోతుంది. ఎండ కళ్లలో కొడుతుంటే బయట ఏం కనిపిస్తుంది? టైరు మీది సీటైతే అసలే పనికిరాదు.

"నవ్వుడు గాదు, జెప్పు. విమానం పడమటి దిక్కే గద పోయేది?"

ఆయన కాసేపు వేళ్లతో గాలిలో దిక్కులు గీసుకుని, పొద్దుటి విమానానికి కుడి పక్కే నీడ అని ఒప్పుకున్నాడు. మధ్యలో అయితే రెక్క అడ్డమొస్తుందని తానే చెప్పి, సీటు వెనక వరుసకు మార్చాడు. ఇంత తంతు జరుగుతుంటే మా ఆయన బల్ల మీద పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. అన్నేళ్లు తిరిగిన మనిషి ఒక్క సలహా ఇవ్వడేంది అనుకున్నాను.

విమానం లేచింది. అద్దానికి ముక్కు ఆనించాను. ఎండ లేదు, రెక్క లేదు, కింద ఊళ్లూ పొలాలూ తేటగా కనిపిస్తున్నాయి. నన్ను చూసి నవ్విన ఆ సెంటరాయన పక్కనుంటే చూపించేదాన్ని! పక్క సీట్లోంచి మా ఆయన మెడ చాపి ఒకటే అడగడం.

"ఏం గనవడ్తుంది? గుట్టలా? చెరువా? ఎంత పెద్దగుంది?"

"ఏందయ్యా, నువ్వు చూడనిదా? సముద్రం ఎప్పుడొస్తదో నువ్వే జెప్పు."

ఆయన తల దించుకున్నాడు. "నాకేమెరుక? కంపెనోళ్లు టికెట్ పంపుతరు. ఎప్పుడు నడిమిట్ల సీటే. ఒకసారి పక్కనున్నాయన చూసుకుంట జెప్పిండు. గదే మీకు జెప్పిన."

"పద్దెనిమిదేండ్ల సంది కోతలు కోసినవా!"

ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆయన మొహం చూసి నాకు నవ్వాగలేదు. నవ్వు అయిపోయేలోపే అసలు సంగతి తట్టింది. కిటికీ దొరికినవాళ్లు కునికిపాట్లు పడుతుంటే ఇన్నేళ్లూ మా ఇంటి మనిషి నడుమ ఇరుక్కుని కూర్చున్నాడు, చూడనిదాన్ని పిల్లల కోసం చూసినట్టు చెప్పాడు. బెల్టు తీసి లేచాను.

"జరుగు. నువ్వు కూసో."

"పిచ్చిదానా, నీ కోసమే గద తీసింది!"

"జరుగుతవా, లొల్లి జెయ్యాల్నా?"

జరిగాడు. కొంతసేపటికి నేల అయిపోయింది. అంచున తెల్లటి నురగ, ఆ తర్వాత అంతా నీళ్లే. ఆయన భుజం మీదుగా నాకూ ఇంత ముక్క కనిపించింది. అబ్బ, ఎంత నీలం! సంతోషం పట్టలేక ఆయన వీపు మీద ఒక్కటి చరిచాను.

"మాట్లాడవేందయ్యా?"

ఆయన ఇటు తిరగలేదు. "ఆగవే" అన్నాడు. "జర చూడనియ్యి."