ద్రాక్షతోట పాటకు చెక్కభజన

సాయంత్రం ఆరూ పదికి చెక్కభజన వాళ్లు మా వాకిట్లో చెప్పులు విడిచారు. మా ఇల్లు తిరుపతి పక్కన రేణిగుంటలో. దక్షిణాఫ్రికాలో చాలా ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మా అక్క, ఉద్యోగం అయిపోయాక నా దగ్గరికి వచ్చేసింది. అక్కడ ఇరుగుపొరుగు మాట్లాడే భాష ఆఫ్రికాన్స్. అందులో ద్రాక్ష కోసే కూలీలు పాడుకునే పాట ఒకటి ఆమెకు వచ్చు. దాన్ని అదే భాషలో మా వీధి భజనలో పాడించాలని ఆమె కోరిక. గొంతులో గడ్డ ఉందని, ఆపరేషన్ అయితే మాట పోవచ్చని డాక్టరు అప్పటికే చెప్పాడు. ఆలోగా ఎవరైనా నేర్చుకోవాలి.

భజన గురువు అక్క పాడిన పాటంతా విని చెక్కలు కింద పెట్టాడు.

"బాగుండాదమ్మా. ఇంతకీ దీంట్లో దేవుడు యాడుండాడు?"

"దేవుడు లేడప్పా. ఎండ ఎప్పుడు దిగుతుందా, ఇంటికి ఎప్పుడు పోదామా అని కూలోళ్లు పాడుకునేది."

"తెల్లోళ్ల భాష కదమ్మా, వాళ్లు కూలికి పోతారా?" అంది ముందు వరసలో ఒకామె.

"ఆ మాట ఆడ అన్నావంటే తోటలో కూలోళ్లు తరుముకుంటారు నిన్ను. వాళ్లు తెల్లోళ్లు కాదు. వాళ్ల ఇండ్లల్లో మాట్లాడేది కూడా ఇదే."

అందరూ నవ్వారు. అక్క ఒక్కో ముక్కా పలికించింది, గురువు అడుగులు కట్టాడు. మొదటి చరణం అయిందో లేదో వరసంతా ఒక్కసారిగా "గోవిందా" అంది. ఎవరూ అనమనలేదు. మా వైపు పదిమంది కలిసి పాడితే చరణం చివర ఆ మాట వచ్చేస్తుంది.

అక్క మొహం చిన్నబోయింది. "ఆ మాట ఈ పాటలో లేదప్పా."

"అనకుంటే కాలు ఆగదమ్మా."

చివరికి ఆమే, తోటలోనూ చరణం చివర అవతలి వరస వాళ్లు కేక వేస్తారని చెప్పింది. "ఆ కేక చోట మీ మాట అనుకోండి. తక్కింది మాత్రం ఒక్క ముక్క కూడా మార్చొద్దు."

శ్రీరామనవమికి వీధిలో పాడారు. "అరవమా ఇది?" అని ఎవరో అడిగితే, "అరవమైతే నాకు రాదా?" అన్నాడు గురువు. ఆపరేషన్ తర్వాత అక్కకు మాట పోయింది. భజన వాళ్లు తప్పు పలికితే చేయి ఎత్తి ఆపేది. ఆ పై ఏడాది అక్క చనిపోయింది.

తర్వాత కొన్ని శనివారాలు భజన వాళ్లు వచ్చారు. రెండో చరణంలో ఇద్దరు రెండు రకాలుగా పలికారు. ఏది సరైనదో నాకూ తెలియదు. "తప్పుగా పాడితే ఆయమ్మ ఒప్పుకోదు" అని గురువు చెక్కలు సంచిలో పెట్టుకున్నాడు.

మా వీధి భజనలో ఇప్పుడు ఆ పాట పాడటం లేదు.